ఎడమ వెనక కాలి కింద పలక

యార్డు వెనక వీధి, మేడమీది గది
ఆగస్టు 9

బావగారికి,

మన నిచ్చెనన్నను చంపింది కంపెనీ మేనేజరు. చెట్టు కాదు, వాన కాదు, ఆయన తలరాత కాదు. మేనేజరు. మొదటి వాక్యంలోనే రాసేస్తున్నాను, ఎందుకంటే మీరు ఈ ఉత్తరం చివరిదాకా చదువుతారన్న నమ్మకం నాకు లేదు. ఫోను ఎలాగూ ఎత్తరు. చిరునామా అక్క ఇచ్చింది, మీకు తెలియకుండా. ఆమెను ఏమీ అనకండి.

కంపెనీ విచారణ కాగితం వచ్చింది. యార్డులో సెలవుల జాబితా పక్కన అంటించారు. చూడగానే బట్టీ వచ్చేసింది నాకు: ‘బుట్టలో నిలబడిన కార్మికుడు హెచ్చరికను లెక్కచేయక ఒక పక్కకు వంగినందున బండి తూకం తప్పి ఒరిగినది.’ పదిహేడేళ్ళు చెట్లెక్కి దిగిన మనిషి, చచ్చాక అజాగ్రత్తపరుడయ్యాడు! దాని కింద వదిన సంతకం పెట్టాలట. నా భర్తదే తప్పు అని ఆవిడే ఒప్పుకోవాలట. అప్పుడు ఫైలు మూసి, మేనేజరు చేతులు దులుపుకుంటాడు.

అసలు సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. బుట్టబండి నిలబెట్టి, మనిషితో సహా బుట్ట కొమ్మల దాకా లేపాలంటే ముందు దాని నాలుగు కాళ్ళూ నేలకు దించాలి. ఒక్కో కాలి కింద రెండేసి నల్లపలకలు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. బండి నడిచే దారంతా పలకలు. కొమ్మలు నమిలే మిషను కింద పలకలు. బరువంతా ఒక్కచోట దిగబడకుండా నేల పంచుకుని మోయడానికి. ఇది మీరు నేర్పిన మొదటి పాఠం. మొదటిరోజు నేను పలక జారవిడిచి కాలిమీద వేసుకుంటే, ‘చెప్పులు తొడగాల్సింది నేలకురా, నీకు కాదు’ అన్నారు. అందరూ నవ్వారు. నిచ్చెనన్న పైనుంచి నవ్వాడు.

యార్డులో ఇరవై నాలుగు పలకలున్నాయి. ఆ రోజు మనకిచ్చింది పన్నెండు. మిగతా పన్నెండూ మేనేజరు క్లబ్బుకు పంపాడు. అక్కడి పచ్చిక మీద కుర్చీల లారీ గీతలు పడకూడదట. సగం పలకలతో మనం ఎలా నెట్టుకొస్తామో వాడికి బాగా తెలుసు: బండి దాటగానే వెనక పలక లాగి ముందు వెయ్యడం, మళ్ళీ వెనకది ముందుకు, రెండు చొక్కాలున్నవాడు ఒకటి ఉతికి ఒకటి తొడుక్కున్నట్టు. గడ్డి నలగకూడదు. మనిషి నలగొచ్చు. నేను దాచుకున్న ఒక కరపత్రంలో ఉంది: ప్రమాదం అని రాసిన ప్రతిచోటా అంతకు ముందు ఒకడు తీసుకున్న నిర్ణయం ఉంటుంది, అది ఎవడిదో వెతకండి అని. నేను వెతికాను. దొరికాడు.

ఆ రోజు బండి నడిపింది మీరు. నాలుగో రోజే అక్కనూ సామాన్లనూ తీసుకుని ఊరొదిలారు. మీరొచ్చి ఒక్క మాట చెప్పాలి, పలకలు సగమే ఇచ్చారని. ఒక్క మాట. రాకపోతే మిమ్మల్ని బావ అని పిలవడం నాకు కష్టం.

కరపత్రం
(ఈ పేరూ మీరు పెట్టిందే)


గోదాము వీధి, రేకుల గది
ఆగస్టు 24

ఒరేయ్ కరపత్రం,

పదేళ్ళుగా ‘బావా, నువ్వు’ అన్న నోటితో ఇప్పుడు ‘బావగారూ, మీరు’ అంటున్నావు. నాలుగు తిట్లు రాసినా ఇంత భయం వేసేది కాదు. ఉత్తరం మీ అక్క చేతికే ముందు దొరికింది. చదివి, మడిచి, నా అన్నం కంచం పక్కన పెట్టి, బట్టలారెయ్యడానికి పోయింది.

నేను బాగానే ఉన్నాను. గోదాములో మూటలు దించుకుని, ఏ వరసలో పెట్టాలో చెప్పే పని. నేలంతా సిమెంటు. గట్టిగా ఉంటుంది. నాకది చాలు. మొదటివారం ప్రతి అడుగూ ముందు కాలివేలితో నొక్కి చూసి వేసేవాణ్ణట, నాకు తెలియకుండానే. ఇక్కడివాళ్ళు ‘కొంగ’ అని పేరు పెట్టారు. పేర్లు పెట్టినవాడికి పేరు పెట్టారు, సరిపోయింది.

మేనేజరు మంచివాడని నేను అనను. వాడి గురించి నీకంటే ఎక్కువే తెలుసు. అయినా ఒక మాట విను. పలకల సంగతి అచ్చు వెయ్యకు. ఎందుకని అడక్కు. నీ చేతిలో కాగితం, పెన్ను ఉంటే నిన్ను ఆపడం ఎవరివల్లా కాదని తెలిసే అడుగుతున్నాను. వదినను మాత్రం సంతకం పెట్టొద్దను. అంతవరకు చెయ్యి, అక్కడ ఆగు.

నన్ను రమ్మనకు.

ఆ రోజు మనం చెట్టు కొట్టిన ఇంట్లో పిల్లచెట్టు ఎలా ఉంది? నిలిచిందా?

బావ


యార్డు వెనక వీధి
సెప్టెంబరు 6

బావగారికి,

మీరడిగింది చెట్టు గురించి! మనిషి గురించి కాదు, మనిషి భార్య గురించి కాదు. సరే, చెప్తాను. మీకోసం కాదు, నేనే చూడాలనుకుని నిన్న ఆ ఇంటికి వెళ్ళాను. ఇంటావిడ వెనక గేటు తీసి, తను లోపలే ఉండిపోయింది. ఆవైపు రావడం మానేసిందట. మనం కొట్టాల్సిన ఎండుచెట్టు సగం కొట్టి సగం అలాగే ఉంది. బండి ఎడమ వెనక కాలు దిగబడిన గుంత అలాగే ఉంది, మోకాలిలోతు, అడుగున నీళ్ళు. బుట్ట తగిలిన గోడ మీద పెచ్చు ఊడి ఇటుకలు కనిపిస్తున్నాయి. ఎవరో కడిగారు.

పిల్లచెట్టు చిగురేసింది. అది నా పుణ్యం. నమిలే మిషను దాని మొదట్లో నిలబెడుతుంటే పోట్లాడి పలకలు వేయించింది నేను. బరువు పడితే మట్టి బిగుసుకుపోయి వేర్లకు ఊపిరాడదని నేను చదివి చెబితే మీరందరూ నవ్వారు. ‘వేర్లకు ముక్కెక్కడుందిరా, చూపించు, జలుబు మందు పోస్తా’ అన్నాడు నిచ్చెనన్న. చూపిద్దామంటే ఇప్పుడాయన లేడు.

అక్కణ్ణుంచి వదిన దగ్గరికి వెళ్ళాను. కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో బడి చొక్కాకు గుండీలు కుడుతోంది. కాగితం మిషను సొరుగులో ఉంది. ‘మీ అన్న ఇంట్లో స్టూలెక్కాలన్నా నాలుగు కాళ్ళూ కదిపి చూసేవాడు. కదిలితే ఇంత అట్టముక్క మడిచి కింద పెట్టేవాడు. ఇదిగో ఈ మిషను కింద కూడా ఆయన పెట్టిందే’ అని కాలితో చూపించింది. ‘ఈ మనిషి అజాగ్రత్త అని నేను రాసివ్వాలట’ అంది. వంగి చూశాను. నాలుగు మడతల అట్టముక్క. మా కళ్ళముందే ఉంది సాక్ష్యం, అడిగేవాడే లేడు.

సంతకానికి గడువు పెట్టారు. అక్టోబరు పన్నెండు, సోమవారం, ఉదయం ఎనిమిది గంటలకు ఆఫీసులో. ఆ లోపల నేను అచ్చు వేస్తాను. వేసి తీరతాను. కరపత్రం సిద్ధం చేశాను. మధ్యలో ఇలా ఉంది:

‘మిత్రులారా! ఉన్న పన్నెండు పలకలతోనే కార్మికులు ఏ లోటూ రానివ్వలేదు. బండి నాలుగు కాళ్ళ కిందా జంటపలకలు, అంటే ఎనిమిది వేశారు. పచ్చని పిల్లచెట్టు వేర్లు నలగకుండా నమిలే మిషను కింద ఐదు వేశారు. తమ ప్రాణాలతో పాటు చెట్టు ప్రాణం గురించి కూడా ఆలోచించిన వీళ్ళా అజాగ్రత్తపరులు?’

బాగుంది కదా? మీకెందుకు బాగుంటుందిలెండి. గట్టినేల చూసుకుని నిలబడ్డ కొంగకు మెత్తనేలలో ఉన్నవాళ్ళ సంగతి ఎందుకు? మొన్న మళ్ళీ తొమ్మిది పలకలతో మమ్మల్ని పనికి పంపారు. బుట్ట ఎక్కినవాడు కొత్తవాడు. ఎక్కేముందు మా అందరి ముఖాలూ చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ తల దింపించింది మీ మౌనమే.

పిరికివాళ్ళకు నేను ఉత్తరాలు రాయడం ఇదే ఆఖరు.


గోదాము వీధి
సెప్టెంబరు 20

బామ్మర్దీ,

నువ్వు రాసిన కరపత్రంలో ఒక కూడిక ఉంది. చేశావా?

కాళ్ళ కింద ఎనిమిది. మిషను కింద ఐదు. ఉన్నవి పన్నెండు.

నీకు కోపం వస్తే కూడికలు రావు. మేనేజరుకు కోపం రాదు, కూడికలు వస్తాయి. నువ్వది పంచిన రోజే వాడు ఎర్ర పెన్నుతో ఆ రెండు అంకెల కింద గీత గీసి, పదమూడో పలక ఎక్కణ్ణుంచి వచ్చిందిరా అని నిన్ను పిలుస్తాడు. అందుకే వద్దన్నాను. చెప్పకుండా ఆపాలనుకున్నాను. ఆగలేదు నువ్వు. ఇక చెప్పక తప్పదు. కూర్చుని చదువు.

మిషను కింద ఐదు ఉన్న మాట నిజం. నా కళ్ళతో చూశాను. కాళ్ళ కింద ఏడే ఉన్నాయి.

బండి లోపలికొచ్చేదాకా వెనక పలక ముందుకు, వెనక పలక ముందుకు అని పొద్దుటినుంచి ఇరవైసార్లు లాగి ఉంటావు. ఆ పని చేసే చేతికి వెనకున్న పలక ఎప్పుడూ ఖాళీదిగానే కనిపిస్తుంది. నీ చెయ్యే కాదు, మనందరి చేతులూ అంతే. బండి నిలబెట్టి పలకలు జంటలుగా సర్దాం. కాళ్ళు ఇంకా దించలేదు. అప్పుడే నువ్వు మిషను చక్రం ఒకటి పిల్లచెట్టు వేరు మీదికి దిగిందని గోల పెట్టావు. పరుగున వచ్చి ఎడమ వెనక కాలి దగ్గరున్న పైపలక పట్టుకున్నావు. పట్టుకుని, మన పద్ధతి ప్రకారం ‘పలకా!’ అని కేక వేశావు. నేను చెయ్యెత్తితేనే కదా ఎవరైనా పలక లాగాలి.

నేను చెయ్యెత్తాను.

మిషను మోతలో నీ కేక వినపడలేదు, నీ నోరు చూసి తెలుసుకున్నాను. చెవి దగ్గర ఫోను, ఫోనులో మేనేజరు. బండి మధ్యాహ్నానికి ఇంకోచోట ఉండాలని అరుస్తున్నాడు. ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చెయ్యెత్తాను. నువ్వు పలక ఈడ్చుకుపోయావు. ఎడమ వెనక కాలి కింద ఒక్కటే మిగిలింది. చూశాను. ఒరేయ్, నేను చూశాను. దిగి, ఇంకోటి తెప్పించి, అప్పుడు కాలు దించాలి. తేవడానికి ఇంకోటి లేదు. పని ఆపుతాను అనాలి. ఒకటి చాల్లే అనుకున్నాను. కాలు దించాను. నిచ్చెన బుట్ట ఎక్కేముందు నన్ను అడిగాడు, ‘అన్నీ జంటలేనా బావా?’ అని. వాడికి నేను బావను కాను, నీ నోట విని వాడూ అలాగే పిలిచేవాడు. నేను బొటనవేలు చూపించాను.

వాడు వంగలేదు. నిటారుగా ఉన్నాడు. బుట్ట ఎడమవైపుకు తిరిగేసరికి కాలు దిగిపోయింది, అంతే.

సాయంత్రంలోపు కంపెనీ పలకలన్నీ ఎత్తుకుపోయింది కాబట్టి అక్కడ ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. నీకూ గుర్తున్నట్టు లేదు. గుర్తు రాకుంటే బాగుండునని ఊరొదిలి వచ్చాను. నేనక్కడే ఉంటే ఏదో ఒకరోజు నీ ముఖం చూసి చెప్పేస్తానని భయం. నిన్ను కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నిజం.

ఆ కరపత్రం కాల్చెయ్యి.

బావ

ఒరేయ్ తమ్ముడూ, ఈ ఉత్తరం ఈయన నాలుగుసార్లు రాసి చింపాడు. ఇది నేను లాక్కుని పోస్టు చేస్తున్నది. మిగతా సగం నిజం ఏమిటో నేను చెప్తాను: తనను కూడా కాపాడుకుంటున్నాడు. నాకు ఇద్దరూ కావాలి. అందుకే ఏం చెయ్యాలో నేను చెప్పను. వేళకు తిను. — అక్క


యార్డు వెనక వీధి
అక్టోబరు 5

బావా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. మొదటి రెండు రోజులు నువ్వు అబద్ధమాడుతున్నావనుకున్నాను. మూడోరోజు యార్డుకు తొందరగా వెళ్ళి, ఎవరూ రాకముందు ఒక పలక కొస పట్టుకుని ఈడ్చి చూశాను. ఈడుస్తుంటే చేతికి గుర్తొచ్చింది. అడుగు పలక మీద పైపలక గీసుకున్న చప్పుడు. దాని అంచుకున్న బురద నా మోచేతికి అంటుకోవడం. నువ్వు చెయ్యెత్తడం కూడా. నాకు ఒక్క క్షణం కూడా ఆలోచన రాలేదు బావా. వెనక పలక, ముందుకు. అంతే. చెట్టును కాపాడుతున్నానని గర్వంగా కూడా ఉంది. ఆ గర్వమే ఐదు అని రాయించింది.

కరపత్రం కాల్చలేదు. చింపాను. నేను పోగేసుకున్న మిగతావన్నీ మంచం కింది పెట్టెలోంచి తీసి ముందేసుకుని కూర్చున్నాను. ప్రమాదానికి ముందు నిర్ణయం తీసుకున్నవాణ్ణి వెతకమన్నది కూడా ఉంది. వెతికినవాడే దొరికితే ఏం చెయ్యాలో ఎందులోనూ లేదు. అన్నీ తిరగేశాను.

నిన్న వదినకు చెప్పాను. గుమ్మంలో నిలబడి, లోపలికి వెళ్ళకుండా, గుక్కతిప్పుకోకుండా చెప్పాను. నీ సంగతి చెప్పలేదు, నాది మాత్రమే. కుట్టుమిషను ఆగింది. నన్ను చూడకుండా సూది కింద గుడ్డ సర్దింది.

‘నీకెప్పుడు తెలిసింది?’ అంది.

‘పదకొండు రోజులైంది వదినా.’

‘పదకొండు రోజులు.’ పళ్ళతో దారం తెంపింది. ‘నాకు చెప్పి గుండె బరువు దించుకుందామని వచ్చావా? దించుకునే చోటు ఇది కాదు. ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పు.’

‘చెప్తాను. నువ్వు సంతకం పెట్టకు.’

‘నేను పెడతానని నీకెవరు చెప్పారు? ఆయన పెట్టిన అట్టముక్క మీద కాలాన్చి బతుకుతున్నాను. పో. ఇంక ఈ గుమ్మం ఎక్కకు.’

మెట్లు దిగుతుంటే వెనకనుంచి అడిగింది, ‘ఎన్నింటికి?’ అని. తిరిగి చూశాను. ముఖం గోడవైపుకు ఉంది. ‘సోమవారం ఏడింటికి’ అన్నాను. మిషను మళ్ళీ మొదలైంది. వస్తుందో లేదో తెలియదు.

నన్ను క్షమిస్తుందని రాయలేను బావా. క్షమించదు. నేనైతే ఆ పిల్లచెట్టున్న వీధి తప్పించి నడుస్తున్నాను.

నువ్వనుకున్నట్టే మేనేజరు నా మాట పట్టుకుని తప్పంతా నామీద వేస్తాడు. వెయ్యనీ. నా వంతు నేను తీసుకుంటాను. కానీ నా వంతే. ఇరవై నాలుగూ ఇచ్చి ఉంటే నేను కాలి కిందనుంచి లాగాల్సిన పని ఉండేదా? వెనకది ముందుకు లాగడం మన చేతులకు నేర్పింది ఎవడు? తప్పు చేసినవాడికి నిజం చెప్పే హక్కు లేదనుకుంటే, ఇక ఆ యార్డులో నిజం చెప్పగలిగినవాడు ఒక్కడే, ఆయన గోడకు కొట్టుకుని పోయాడు.

కొత్తగా రాశాను. ఈసారి మిత్రులారా అని పెట్టలేదు. చేత్తోనే నలభై ప్రతులు రాస్తున్నాను. ఇదీ మాట:

‘నిచ్చెన వంగలేదు. ఆయన తప్పు లేదు.

బండి ఎడమ వెనక కాలి కిందనుంచి పైపలక లాగింది నేను. ఈ కాగితం రాసినవాణ్ణి.

ఉండాల్సిన ఇరవై నాలుగు పలకల్లో సగం క్లబ్బు పచ్చిక మీదికి పంపి, పన్నెండింటితో పని కానిమ్మన్నది మేనేజరు. ఈ రోజుకీ తొమ్మిదింటితో పంపుతున్నాడు.

ఎనిమిది గంటలకు నిచ్చెన భార్య చేత అబద్ధం మీద సంతకం పెట్టించబోతున్నారు. అంతకు ముందే ఈ మాట నేను గేటు ముందు నిలబడి చెప్తాను. పలకలు పూర్తిగా పరిచేదాకా ఆ రోజు ఎవరూ బుట్ట ఎక్కొద్దు.’

నేను పలక లాగిన మాటకూ మేనేజరు మాటకూ మధ్య ఒక వరస ఖాళీ వదిలాను, నలభై ప్రతుల్లోనూ. అక్కడ రావాల్సిన మాట నాది కాదు, నేను రాయను. నువ్వు రాకపోయినా ఎవరికీ చెప్పను, అక్క మీద ఒట్టు. వస్తే మాత్రం పెన్ను నా దగ్గర ఉంటుంది. అక్కణ్ణుంచి మొదటి బస్సు ఎక్కితే ఆరున్నరకు మన స్టాపులో దిగుతావు. గేటు దాకా వచ్చే దారి వానకు మెత్తబడింది, గోడవారన నడువు.

నలభై ప్రతుల చివరి వరసే నీకూ: పన్నెండో తేదీ, సోమవారం, ఉదయం ఏడు గంటలకు, యార్డు గేటు ముందు. రండి.